ట్యాబ్ అప్‌డేట్లు బంద్ పెట్టమనే మెసేజ్ నమ్మకండి

నల్గొండ, పాలమూరు గ్రూపుల్లో ఒకే మెసేజ్ ఊకె తిరుగుతోంది. "ట్యాబ్ ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లు ఆటో అప్‌డేట్ బంద్ పెట్టండి. కంపెనీలు అప్‌డేట్ పేరుతో కావాలనే స్లో చేస్తాయి. నెట్ అంతా తింటది. మధ్యలో కరెంటు పోతే ట్యాబ్ ఖతం. వాడని ట్యాబ్‌కు వైరస్ రాదు. ఇప్పటికే అప్‌డేట్ అయితే పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ కొట్టండి, పాత వర్షన్ వస్తుంది." చదువుకున్నవాళ్లే దీన్ని ముందుకు పంపుతున్నారు. చివరి ముక్కే అన్నిటికన్నా ప్రమాదం, ముందు దాని సంగతి చూద్దాం.

రీసెట్ కొడితే పాత ఆండ్రాయిడ్ రాదు. రీసెట్ తుడిచేది మీ ఫోటోలు, యాప్‌లు, అకౌంట్లు ఉండే భాగాన్ని. సిస్టమ్ ఏ వర్షన్‌లో ఉందో అక్కడే ఉంటుంది. వెనక్కి పోయేవి ట్యాబ్‌తో పాటు వచ్చిన క్రోమ్, యూట్యూబ్ లాంటివి మాత్రమే. అవి ఇప్పుడున్న సిస్టమ్‌తో వచ్చిన పాత వర్షన్‌కు పోయి, మళ్లీ మొదటి నుంచి డౌన్‌లోడ్ అవుతాయి. అంటే నెట్ మిగలదు, ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. బ్యాకప్ లేని ఫోటోలు పోయినట్టే. ఇప్పటి ట్యాబ్‌లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది, రీసెట్‌తో దాన్ని విప్పే కీ కూడా పోతుంది. ఏ రిపేరు దుకాణమూ వాటిని తిరిగి తీసివ్వలేదు.

అంతటితో అయిపోదు. బటన్లు నొక్కి రీసెట్ చేసిన ట్యాబ్, ఆన్ కాగానే పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. దొంగిలించినవాడు వాడుకోకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి, అంటే 2015 నుంచి ఉన్న తాళం అది. అమ్మానాన్నల ట్యాబ్‌లో జీమెయిల్ ఎవరు పెట్టారు? చాలాసార్లు అమ్మిన దుకాణం పిల్లగాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఇక బిల్లు వెతుక్కుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. బొంబాయిలోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకును చూసుకునే ఒక్క ట్యాబ్‌ను ఈ మెసేజ్ ఇట్లా పనికిరాకుండా చేస్తోంది. పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించడానికి ఏమైంది?

కరెంటు మాట. ట్యాబ్‌లో బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోతే ఆగిపోయేది చార్జింగే. తగినంత చార్జ్ లేకపోతే సిస్టమ్ అప్‌డేట్ అసలు మొదలే కాదు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతి ఉన్న ట్యాబ్‌లలో కొత్త వర్షన్ పక్క భాగంలోకి ఎక్కుతుంది, అది లేవకపోతే పాతదే లేస్తుంది. ఆ పద్ధతి లేని ట్యాబ్‌లూ ఉన్నాయి. వాటికి ఇన్‌స్టాల్ అవుతుండగా ఆగిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టడమే ముప్పు.

వైరస్ మాట. ఆఫ్‌లో ఉన్నంతసేపు రాదు, సరే. కానీ మీరు దాన్ని తెరిచేది నెట్ చూడటానికే కదా! దసరాకు బయటికి తీసిన ట్యాబ్‌లో క్రోమ్ ఉగాది నాటిది. అప్పటి నుంచి బయటపడిన లోపాలన్నీ అందులో అట్లనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో 2015లో బయటపడ్డ స్టేజ్‌ఫ్రైట్ అనే లోపంతో ట్యాబ్‌లోకి చొరబడటానికి ఎంఎంఎస్‌లో ఒక వీడియో రావడమే చాలు, మీరు ఏదీ నొక్కనక్కర లేదు.

స్లో చేస్తారన్న అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయను. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లను ఒక అప్‌డేట్‌తో నెమ్మదింపజేశామని ఆపిల్ 2017 డిసెంబరులో తానే ఒప్పుకుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ట్యాబ్‌కు కొత్త యాప్‌లు బరువే. అట్లాంటి దాంట్లో ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ ఆపుకోండి, తప్పు లేదు. కానీ క్రోమ్, యాప్‌ల లోపల వెబ్‌పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, వాట్సాప్, ఈ మూడింటినీ తీసినప్పుడల్లా చేతితో అప్‌డేట్ చేయండి. మిగతా యాప్‌లకు ఆధారమైన గూగుల్ ప్లే సర్వీసెస్‌ను ముట్టుకోకండి.

నెట్ తింటదన్నదానికి మందు ప్లే స్టోర్‌లోనే ఉంది: సెట్టింగ్స్, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్, ఆటో అప్‌డేట్ యాప్స్, "వైఫై మీద మాత్రమే". ఊళ్లలో వైఫై అంటే ఎక్కువగా ఫోన్ హాట్‌స్పాటే. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్‌ను ట్యాబ్ చాలాసార్లు లెక్క ఉన్న నెట్‌గా గుర్తుపట్టి అప్‌డేట్లు ఆపేస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే అదే మంచిది. నెలకోసారి అప్‌డేట్ చేయాలనుకున్న రోజు వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి "అన్‌మీటర్డ్" (లెక్క లేని నెట్) పెట్టండి, పని అయ్యాక వెనక్కి మార్చండి.

అప్‌డేట్ మీద వేసే నిందల్లో సగం వేరేవాటివి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే ప్లే స్టోర్, వెబ్‌సైట్లు తెరుచుకోవు. తేదీ, సమయాన్ని ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి నెలల తరబడి వాడని యాప్‌లకు కెమెరా, మైక్ అనుమతులు వాటంతట అవే పోతాయి. వీడియో కాల్‌లో మొహం కనపడకపోతే యాప్ ఇన్ఫోలో అనుమతి తిరిగి ఇవ్వండి.

లోపల పెట్టేముందు చార్జ్ సగం దగ్గర ఉంచి స్విచాఫ్ చేయండి. మే ఎండల్లో రేకుల గదిలో వద్దు. మళ్లీ వాడాల్సిన రోజుకు ముందు రాత్రే తీసి, వైఫైకి కలిపి, చార్జింగ్ పెట్టి, స్క్రీన్ ఆపి వదిలేయండి. ఆన్ చేసిన మొదటి గంట స్లోగా ఉండేది నెలల అప్‌డేట్లన్నీ ఒక్కసారే ఎక్కుతుండటం వల్లే. అప్పుడే వీడియో కాల్ మొదలుపెట్టి, ట్యాబ్ పాడైందని తిట్టకండి.