కుచ్చు ఎటు వైపు?

పొద్దున జరిగింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

రావులపాలెం దాటాక కొబ్బరితోటల మధ్య ఓ ఇంటర్నేషనల్ స్కూలుంది. మా మనవరాలు అందులో యూకేజీ. ఆ యూకేజీకి గ్రాడ్యుయేషన్ డే! ముఖ్య అతిథి ఆఖరి నిమిషంలో రానన్నాడట, ఇరిగేషన్‌లో రిటైరైన నన్ను స్టేజీ ఎక్కించేశారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కి ముగించిన వైనం నాలుగు కాగితాల నిండా రాసుకెళ్ళాను. నల్లగౌను తొడిగారు. పాలిస్టరు. ఏప్రిల్ నెల. ఇంక చెప్పక్కర్లేదు.

ముందు మీ పని ఒక్కటేనండి అన్నారు. పిల్లల టోపీకి వేలాడే కుచ్చుని కుడి నుంచి ఎడమకి మార్చాలి. అమెరికాలో పట్టా పుచ్చుకున్నాక అలా మార్చుకుంటారు.

ఎవరి కుడి? నాదా, పిల్లదా? 33 ఏళ్ళ సర్వీసులో నాకు తెలిసిన లెక్క ఒక్కటే. నదికి కుడి ఎడమలు నీళ్ళు పోయే వైపు మొహం పెట్టి చూడాలి. అలా చూస్తేనే ధవళేశ్వరం ఎడమ గట్టు, విజ్జేశ్వరం కుడి గట్టు. సముద్రంలో నిలబడి చూసేవాడి లెక్క చెల్లదు. అంచేత పిల్ల గోదావరి, పిల్ల ముక్కు బంగాళాఖాతం వైపు, నేను బంగాళాఖాతం. పిల్ల కుడి నుంచి పిల్ల ఎడమకి చకచకా 42 మందికి మార్చేశాను. ఒకడు కుచ్చు నములుతున్నాడు. లాగితే తడిగా వచ్చింది.

అప్పుడు కింద నుంచి వీడియో కుర్రాడు అరిచాడు. "సార్, రివర్స్! రివర్స్!"

ప్రిన్సిపాల్ గారు నావైపు చూడలేదు, వాడివైపు చూశారు. గట్ల సంగతి ఎత్తబోయాను. "వీడియో పేరెంట్స్‌కి వెళ్తుందండి" అన్నారు. దానికి అప్పీలు లేదు.

42 మందినీ మళ్ళీ లైన్లో పెట్టారు. ఇచ్చిన పట్టాలు నా చేత్తోనే లాక్కున్నట్టయింది. ఒకడు "నాది అయిపోయింది" అంటూ టోపీ రెండు చేతులా పట్టుకుని పారిపోయాడు. వాడు ఒరిజినల్ డిగ్రీతోనే ఉన్నాడు. మా మనవరాలు మైకు పక్కనే "తాతయ్యా, నీకు లెఫ్ట్ రైట్ రాదా?" అంది. ముందు వరసలో ఎవరో "ఆయన కాలవల మీద చేశారండి" అంటే, పక్కాయన "ఆయ్, మా చేలకి నీళ్ళెందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందండి" అన్నాడు.

ప్రసంగానికి రెండు నిమిషాలిచ్చారు, భోజనాలు చల్లారిపోతాయని. కాటన్ దొర 1848 దాటలేదు.

ఇంటికొచ్చి మెమెంటో విప్పాను. టోపీ పెట్టుకున్న పిల్లాడి బంగారు రంగు బొమ్మ. వాడి కుచ్చు ఎడమకే ఉంది, వాడి ఎడమకి. ఫోటో తీసి ప్రిన్సిపాల్ గారికి పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.