చర్చ గారికి, ఒంగోలు నుంచి బహిరంగ లేఖ

చర్చ గారూ,

మీ పేరు ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంటోంది, రైతులతో చర్చ, ప్రజలతో చర్చ అని. సంతోషమే, కానీ మీరు మాత్రం యాడా కనబడరేంది?

మొన్న పొగాకు రేటు పడిపోతే చర్చకి రమ్మన్నారు. పోయాం. ఉన్నది ఒక్క మైకు, అదీ స్టేజీ మీదే. పెద్ద సారు చిన్న సారుని లెక్కలడగడం, చిన్న సారు తలూపడం, మధ్యలో మాకు మజ్జిగ ప్యాకెట్లు. దాన్ని సమీక్ష అంటారండీ. తర్వాత కొనేవాళ్లతో ఏసీ గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నారు, అవి మంతనాలు. బయటికొచ్చి విలేకరులతో ‘విస్తృతంగా సంప్రదింపులు జరిపాం’ అన్నారు చూడండీ, అక్కడ మండింది. సంప్రదించడమంటే నిర్ణయానికి ముందు అవతలివాడి మాట అడగడం. విన్నాక పక్కన పెడితే పెట్టండి, అసలంటూ అడగాలి కదా!

మీ చుట్టాల్లో కాస్త నిజాయతీ ఉన్నది బేరమే. పొగాకు వేలం కేంద్రంలో బేళ్ల, అంటే ఆకు మూటల, వరస వెంట కొనేవాళ్లు నడుస్తూ వస్తారు, ఆకు పీకి చూస్తారు. వాళ్లు చెప్పిన రేటు నచ్చకపోతే మేం కాదనొచ్చు, మా ఆకు నచ్చకపోతే వాళ్లు నోబిడ్ అని ముందుకెళ్లిపోతారు. బేలు మళ్లీ బండెక్కించేటప్పుడు కడుపు మండుద్ది గానీ, దానికెవరూ అభిప్రాయ సేకరణ అని పేరు పెట్టలేదు.

ఇక వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన చేశారు, నల్లమల కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం నీళ్లు తెస్తామన్నారు. అప్పట్నుంచీ ఎవరొచ్చినా సమీక్షే. ఆ బల్లల మీద పెట్టిన వాటర్ బాటిళ్లన్నీ కనిగిరికి పంపినా ఒక వీధి దాహం తీరేది.

మీరెట్టా ఉంటారో మర్చిపోయారేమో, పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లని అడగండి. 90ల మొదట్లో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చుని, సారా వల్ల ఇళ్లెట్టా గుల్లవుతున్నాయో తమలో తాము మాట్లాడుకున్నారు. అది అచ్చంగా మీరే. ఆ తర్వాత సారా కొట్టు ముందు నిలబడి మాట్లాడింది మాత్రం చర్చ కాదు, తగువు! 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది.

కాబట్టి ఈసారి పిలుపు పంపేటప్పుడు అసలు పేరుతోనే పంపించమనండి. సమీక్షయితే మేం రాం, ఆ పూట పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని చూసుకుంటాం. మంతనాలయితే ఎటూ మమ్మల్ని పిలవరు.

ఇట్లు,
మజ్జిగ తాగి వచ్చిన ఒక రైతు