హిట్లర్‌ని ఓడించిన కోటిపల్లి పట్టాలు

నడిచే రైలుకి చరిత్ర ఉండదు, టైంటేబుల్ ఉంటుంది. చరిత్ర కావాలంటే రైలు ఆగాలి, వీలైతే పట్టాలు కూడా ఊడాలి. ఈ లెక్కన కాకినాడ-కోటిపల్లి లైనుకి సాటొచ్చేవి తక్కువ. 45 కిలోమీటర్ల ఈ లైను 1928లో పుట్టింది, 1940లో పోయింది, 2004లో మళ్లీ పుట్టింది. బతికింది 12 ఏళ్లు, పోయి ఉన్నది 64 ఏళ్లు. ఇలాంటి లైన్ల మీద పరిశోధన చెయ్యాలని ఉబలాటపడే యువతరానికి నాలుగు ముక్కలు చెప్పడం నా బాధ్యత.

ముందే ఆర్కైవ్స్‌కి పరిగెత్తకండి. కారప నుంచి ద్రాక్షారామం దాకా ఏ టీకొట్టు దగ్గరైనా ఆగి పాత రైలు సంగతి అడగండి. "ఆయ్, పట్టాలా అండీ? యుద్ధానికి పట్టుకుపోయారండి" అంటారు. అది నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం మన శాఖా లైన్లు కొన్ని పీకించి, ఆ ఇనుముని మధ్యప్రాచ్యంలో సైన్యం అవసరాలకి ఓడల్లో పంపింది. మరి కోటిపల్లి పట్టాలు ఏ ఎడారిలో తేలాయని అడిగారో, టీ చల్లారేలోపు మూడు దేశాల పేర్లు వినిపిస్తాయి. నా సిద్ధాంతం ఒక్కటే: గోదావరి జిల్లా ఇనుమే లేకపోతే హిట్లర్ ఓడేవాడు కాదు. దీనికి ఆధారం లేదంటారా? కాదనడానికీ ఆధారం లేదు. ఈ సూత్రం మన చరిత్రకారుల్లో చాలామందికి అన్నం పెట్టింది.

తర్వాత ప్రత్యక్ష సాక్షులు. ఆ రైలెక్కిన జ్ఞాపకం ఉండాలంటే మనిషికి ఇప్పుడు తొంభై దాటాలి. అయినా అరవై ఐదేళ్ల పెద్దమనిషి "నేనెక్కానండి, రామచంద్రపురంలో" అంటే వాదించకండి. ఇంజిన్ పొగ, గార్డు కోటు, చివరికి టికెట్ ధరతో సహా చెబుతారు. కోటిపల్లి రేవులో మునిగితే గత జన్మ పాపాలు పోతాయంటారు గానీ, గత జన్మ ప్రయాణాలు పోతాయని ఎవరూ అనలేదు కదా!

ఇక కాగితాలు. అప్పట్లో ఈ వైపు రైళ్లు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేవి. 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టాక మనం సికింద్రాబాద్ కిందికొచ్చాం. 2019లో విశాఖ కేంద్రంగా ఇంకో జోన్ ప్రకటించారు. ఇన్ని ఇళ్లు మారిన కాపురంలో ఇత్తడి చెంబే మిగలదు, ఫైలు మిగులుతుందా?

అయినా పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఆ చట్టంలో 6(3) అని ఒకటుంది. అడిగింది తమ దగ్గర లేకపోతే, ఉన్న ఆఫీసుకి ఐదు రోజుల్లో బదిలీ చెయ్యాలి. నా దరఖాస్తు ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకుంది. పాత కోటిపల్లి రైలు జీవితంలో చూడని ఊళ్లన్నీ చూసి, చివరికి బయల్దేరిన టేబుల్‌కే చేరింది. "తమరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదు" అని జవాబు. కింద సంతకం, పక్కన గుండ్రటి స్టాంపు, ఆ స్టాంపులో సరిగ్గా తేదీ ఉండాల్సిన చోట సిరా మరక. పరిశోధకుడికి ఇంతకన్నా ప్రోత్సాహం ఏం కావాలి?

రెండో జన్మ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ లైను కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, రైలు చూడలేదు. ఆ తర్వాత ఒకే పెట్టెతో రైల్‌బస్సు తిరిగింది. 2020లో కరోనాకి దేశంతో పాటు పడుకుంది, దేశం లేచాక కూడా చాలాకాలం లేవలేదు. దీనికి రైల్వేని తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. భావి పరిశోధకులకి ముడిసరుకు ఎవరో ఒకరు సమకూర్చాలిగా.

అసలు ముందుచూపు చూడాలంటే కోటిపల్లి-నరసాపురం లైను చూడాలి. 57 కిలోమీటర్లు, దాటాల్సిన గోదావరి పాయలు మూడు, మంజూరైంది 2000-01లో. పాత లైను చరిత్రలోకి ఎక్కడానికి ముందు కొన్నాళ్లైనా రైలు నడపాల్సి వచ్చింది. దీనికి ఆ శ్రమ కూడా లేదు. అందుకే దీని మీదా దరఖాస్తు పెట్టాను. జవాబుకి గడువు ముప్పై రోజులు. కోటిపల్లికీ నరసాపురానికీ మధ్య రైల్వే తరఫున ప్రస్తుతం నడుస్తున్నది ఆ గడువొక్కటే.