కమిట్ చేసిన పని అంత తేలిగ్గా పోదు

నిన్న సాయంత్రం మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది. "అన్నా, మూడు రోజుల పని పోయింది" అంది. కళ్లలో నీళ్లు. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్‌లో, అంతా పాత స్థితికి తీసుకెళ్లే రీసెట్ హార్డ్ కమాండ్ కొట్టిందట. అప్పటికే ఒక సీనియర్ "ఫోల్డర్ తీసేసి సర్వర్ నుంచి మళ్లీ క్లోన్ చేసుకో, గొడవ వదిలిపోతుంది" అని సలహా ఇచ్చాడు. ఆ మాట విని ఉంటే పని నిజంగానే పోయేది, ఎందుకంటే ఆమె ఇంకా పుష్ చేయలేదు, అంటే సర్వర్‌కు పంపలేదు.

పక్కన కూర్చుని, గిట్‌లో చేసిన పనుల చిట్టా చూపించే రెఫ్‌లాగ్ కమాండ్ కొట్టించాను. పై వరుసలో ఆమె చేసిన రీసెట్, దాని కిందే ఆమె చివరి కమిట్ (గిట్‌లో భద్రపరిచిన మార్పు), దాని ముందు ఏడక్షరాల హ్యాష్, అంటే ఆ కమిట్ గుర్తు. ఆ హ్యాష్ మీద కొత్త బ్రాంచి (కమిట్‌ల వరుసకు పెట్టే పేరు) తీయగానే ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి. పట్టింది రెండు నిమిషాలు. ఆమె ఏడ్చింది గంటసేపు.

నా కోపమంతా ఆ గంట గురించే. రీసెట్ కమిట్‌ను చెరిపేయదు, బ్రాంచి పేరును వెనక్కి జరుపుతుంది. ఏ బ్రాంచికీ అందకుండా పోయిన కమిట్ జాడను కూడా రెఫ్‌లాగ్ మామూలుగా 30 రోజులు దాచి ఉంచుతుంది. ఈ ఒక్క మాట మొదటి రోజే ఎందుకు చెప్పం? యాడ్, కమిట్, పుష్ అని మూడు ముక్కలు బట్టీ పట్టించి వదిలేస్తాం. తప్పు జరిగితే "ఇది కూడా తెలియదా" అంటాం. అలా అనిపించుకున్నవాళ్లు రెండోసారి అడగరు, తప్పును దాచిపెడతారు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. యాడ్ కూడా చేయని, అంటే కమిట్‌కు సిద్ధం చేయని మార్పుల మీద రీసెట్ హార్డ్ కొడితే గిట్ కాపాడలేదు. నలుగురూ వాడే బ్రాంచిలో తప్పు కమిట్ పడితే రివర్ట్ చేయాలి, అంటే దాన్ని తిప్పికొట్టే కొత్త కమిట్ వేయాలి; చరిత్ర మార్చి ఫోర్స్ పుష్ (బలవంతంగా పుష్) చేయకూడదు. అన్నిటికన్నా ప్రమాదం పాస్‌వర్డ్‌నో రహస్య కీనో కమిట్ చేసి పుష్ చేయడం. తర్వాతి కమిట్‌లో తీసేస్తే సరిపోతుందనుకుంటారు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా గిట్‌ఇగ్నోర్‌లో ఆ ఫైలు పేరు రాసినా లాభం లేదు, అప్పటికే గిట్ చేతిలో ఉన్న ఫైలుకు అది వర్తించదు. ముందు ఆ కీని రద్దు చేయించాలి. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. ఇలాంటి తప్పు వెంటనే బయటపడేది చేసిన మనిషి ధైర్యంగా వచ్చి చెబితేనే.

సోమవారం మా టీములోకి మరో ఇద్దరు వస్తున్నారు. వాళ్లకు ముందుగా ఒక ఉత్తుత్తి రిపాజిటరీ (గిట్ చూసుకునే కోడ్ ఫోల్డర్) ఇస్తాను. నాలుగు కమిట్‌లు చేయించి, వాళ్ల చేతే రీసెట్ కొట్టించి, వాళ్ల చేతే తిరిగి తెప్పిస్తాను. అసలు కోడ్ ఆ తర్వాతే.