ముక్కు మూసుకుని చూసిన చైనాటౌన్

మొన్న మన తెలుగు సంఘం జనరల్ బాడీ మీటింగులో ఖర్చుల పద్దు చదువుతుంటే శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ టూర్ దగ్గరికి వచ్చేసరికి ఒకాయన లేచారు. "అమ్మానాన్నలని ఇండియా నుంచి రప్పించుకునేది ఆ ఇరుకు మురికివాడ చూపించడానికా? నాపాకో, మాంటెరేకో తీసుకెళ్ళాల్సింది" అన్నారు. వెనక వరసల్లో చప్పట్లు. "ఆ కంపుకి మా అత్తగారు రెండ్రోజులు అన్నం ముట్టలేదు" అని ఇంకొకావిడ అందుకున్నారు. కోశాధికారి గారు నవ్వేసి తరవాతి పద్దుకి వెళ్ళిపోయారు. అది సంక్రాంతి సంబరాలది. యాంకరమ్మ విమానం టికెట్టు, ఆమె మేకప్ మనిషి టికెట్టు, ఇద్దరి హోటలు అన్నీ అందులో ఉన్నాయి. దాని మీద ఎవరూ లేవలేదు.

ఆ టూర్‌లో నేనూ ఉన్నాను. బస్సులో పులిహోర పొట్లాలు పంచింది నేనే కాబట్టి ఎవరేం తిన్నారో, ఎవరేం మాట్లాడారో బాగానే తెలుసు. (అత్తగారు తిరుగు ప్రయాణంలో రెండో పొట్లం అడిగి మరీ తీసుకున్నారు. పోనీలెండి.) కానీ ఆ 'మురికివాడ' అన్న మాట నాకు గుచ్చుకుంది. దానికి పడ్డ చప్పట్లు ఇంకా గుచ్చుకున్నాయి.

బస్సు మమ్మల్ని గ్రాంట్ అవెన్యూ మొదట్లో, డ్రాగన్ గేటు దగ్గర దింపింది. అక్కడ అందరూ హుషారే. ఎర్ర లాంతర్లు, పట్టు గొడుగులు, ఫ్రిజ్ మాగ్నెట్లు, ఫొటోలు. ఒక ఆంటీ కనిపించిన ప్రతి హోటల్లో గోబీ మంచూరియా ఉందా అని అడిగారు. ఎక్కడా లేదు. "వీళ్ళకి చైనా వంట రాదన్నమాట" అని తేల్చేశారు.

పేచీ అంతా ఒక వీధి పైకెక్కి స్టాక్టన్ స్ట్రీట్‌లోకి తిరిగాక మొదలైంది. గ్రాంట్ టూరిస్టులది, స్టాక్టన్ ఆ పేటవాళ్ళది. తొట్లలో కొట్టుకుంటున్న చేపలు, కొక్కేలకి వేలాడే బాతులు, బస్తాల్లో ఎండు రొయ్యలు. మావాళ్ళలో సగం మంది కొంగులూ కర్చీఫులూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అందులో భీమవరం వాళ్ళున్నారు, బందరు వాళ్ళున్నారు. సంతలో ఎండు నెత్తళ్ళ గంపలు దాటుకుంటూ పెరిగినవాళ్ళకి శాన్ ఫ్రాన్సిస్కో చేరేసరికి ఇంత సుకుమారం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన పిన్నిగారు మాత్రం కూరగాయల దగ్గర ఆగిపోయారు. బీరకాయలు, బూడిద గుమ్మడి, బారుగా వేలాడే అలసంద కాయలు, చేమదుంపలు, ఎర్ర ఈనెల తోటకూర కట్టలు. కాకరకాయలు మాత్రం మనవాటిలా గరుకుగా కాకుండా నున్నగా, పాలిపోయిన ఆకుపచ్చగా ఉన్నాయి. లేతదో ముదురో చూద్దామని పిన్నిగారు బీరకాయకి గోరు గుచ్చబోయారు. కొట్టు ముసలావిడ చటుక్కున చెయ్యి పట్టుకుని, తల అడ్డంగా ఊపి, పెట్టె అడుగునుంచి ఇంకో కాయ తీసి చేతిలో పెట్టింది. "ఆఁ, ఇది లేతది" అన్నారు పిన్నిగారు తెలుగులోనే. ఆవిడ తన భాషలో ఏదో అంది. ఇద్దరికీ ఒక్క ఇంగ్లీషు ముక్క అవసరం పడలేదు. 1970ల్లో ఇక్కడికొచ్చిన మన పాతతరం వాళ్ళని అడగండి, ఇండియన్ స్టోర్లు లేని రోజుల్లో బీరకాయ పచ్చడి ఎక్కడి కాయలతో చేసుకున్నారో.

పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో ఇంకో తమాషా జరిగింది. చిన్న చిన్న గదుల్లో, అంతస్తుకో ఉమ్మడి వంటిల్లున్న పాత భవనాల్లో ఉండే ముసలివాళ్ళకి ఆ పార్కే వసారా. అట్టపెట్టెలు బోర్లించి గుంపులు గుంపులుగా పేకాట ఆడుతున్నారు. మాతో వచ్చిన వరంగల్ పెద్దాయన ఒక గుంపు వెనక నిలబడి చూస్తూ చూస్తూ అక్కడే బెంచీ మీద చోటు చేసుకున్నారు. లంచ్‌కి పిలిస్తే "మీరు పోయి రాండ్రి బిడ్డా, నేనీడ్నే ఉంట" అన్నారు. కమిటీవాళ్ళకి టెన్షన్, షెడ్యూలు తప్పిపోతోందని. ఆయన శాన్ రామోన్‌లో కొడుకు ఇంట్లో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా టీవీ ముందు ఒక్కరే కూర్చుంటారని నాకు తెలుసు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

వేవర్లీ ప్లేస్‌లో టిన్ హౌ గుడి ఉంది. 1852 నాటిదంటారు. మెట్లెక్కి నాలుగో అంతస్తుకి వెళ్ళాలి. టిన్ హౌ సముద్రాన్ని కాచే తల్లి. ఓడెక్కి పసిఫిక్ దాటి బతికి బయటపడ్డవాళ్ళు కట్టుకున్న గుడి. కప్పు నిండా ఎర్ర దీపాలు, అమ్మవారి ముందు బత్తాయిలు పేర్చి ఉన్నాయి, అగరొత్తుల పొగ కళ్ళు మండిస్తోంది. ఫొటోలు తియ్యొద్దని బోర్డుంది. మనవాడొకడు దాని పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. చిలుకూరు బాలాజీ దగ్గర వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి, స్టాంపింగ్ అయ్యాక వెళ్ళి నూట ఎనిమిదీ తిరిగొచ్చిన వాళ్ళం మనం. ఆ గుడిలో ఏముందో మనకి ఒకరు విడమరచి చెప్పాలా?

ఇలా ముక్కు మూసుకుని చూడటం ఆ పేటకి కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తెల్లవాళ్ళు గైడ్‌లకి డబ్బిచ్చి రాత్రిపూట చైనాటౌన్ చూడటానికి వచ్చేవారు. కొందరు గైడ్‌లు దొంగ నల్లమందు గదులు ఏర్పాటు చేసి, మనుషులకి డబ్బులిచ్చి మత్తులో పడి ఉన్నట్టు నటింపజేసేవారు. చూసినవాళ్ళు ఛీ ఛీ అనుకుంటూ తృప్తిగా ఇంటికెళ్ళేవారు. 1906 భూకంపం, ఆ వెంట వచ్చిన మంటల్లో పేట మొత్తం బూడిదయ్యాక, ఇదే సందని చైనావాళ్ళని ఊరవతల హంటర్స్ పాయింట్‌కి తరిమెయ్యాలని నగర పెద్దలు చూశారు. చైనా వర్తకులు లొంగలేదు. లుక్ టిన్ ఎలై లాంటివాళ్ళు తెల్ల ఆర్కిటెక్టులని పెట్టుకుని, టూరిస్టులు ఎగబడేటట్టు వంపు కప్పుల పగోడాలు కట్టించారు. గ్రాంట్, కాలిఫోర్నియా వీధుల మూల మీద ఆ సింగ్ చాంగ్, సింగ్ ఫాట్ భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. మనం మెచ్చుకుని ఫొటోలు తీసుకున్న అందమంతా, ఉన్నచోటు నుంచి తమని కదిలించకుండా ఉండటానికి వాళ్ళు వేసుకున్న వేషం. మన కన్వెన్షన్లలో థర్మోకోల్ రాజగోపురాలు లేపుతామే, ఏ కష్టం తప్పించుకోవడానికో మరి.

'ఇరుకు' అని మీటింగులో ఎగతాళి చేశారు కదా, దానికీ ఒక కథ ఉంది. 1870లో ఈ ఊరు ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. మనిషికి 500 ఘనపుటడుగుల గాలి లేని గదిలో పడుకుంటే నేరం. అర్ధరాత్రి పోలీసులొచ్చి చైనావాళ్ళని పట్టుకెళ్ళేవారు. వాళ్ళు జరిమానా కట్టకుండా జైల్లోనే కూర్చునేసరికి జైలు కిక్కిరిసిపోయి, అక్కడ కూడా మనిషికి 500 ఘనపుటడుగులు లేకుండా పోయింది! ఆ తరవాత జైల్లో చైనావాళ్ళ జడలు కత్తిరించే చట్టం తెచ్చారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఒక్కో బెడ్రూములో ఎంతమందిమి పడుకున్నామో, ఒక్క కుక్కర్ మీద ఎన్ని కూరలు వండుకున్నామో నాకింకా గుర్తే. ఆ ఇరుకుని నేనెప్పుడూ అసహ్యించుకోలేదు. ఉద్యోగం దొరికినవాళ్ళు దొరకనివాళ్ళకి పెట్టేవారు.

1882లో చైనా కూలీలని రానివ్వని చట్టం వచ్చింది. 1906 మంటల్లో ఊరి రికార్డులు కాలిపోయాయి. దాంతో ఇక్కడే పుట్టామని చెప్పుకోవడానికి చాలామందికి వీలు చిక్కింది, వాళ్ళ కొడుకులమని కాగితాలు కొనుక్కుని ఓడలెక్కినవాళ్ళూ వచ్చారు. 1910 నుంచి 1940 దాకా ఈ ఊరి బేలో ఉన్న దీవి ఏంజెల్ ఐలండ్‌లో వాళ్ళని వారాలు, నెలలు ఆపేసి ప్రశ్నలడిగేవారు. మీ ఇంటికి ఎన్ని మెట్లు, బియ్యం ఎక్కడ పెడతారు, పక్కింటాయనకి ఎంతమంది కొడుకులు. తండ్రి చెప్పినదానికి కొడుకు చెప్పినది తేడా వస్తే ఓడెక్కించి వెనక్కి. అందుకే జవాబులు ఓడలోనే బట్టీ పట్టేవారు. "దొంగ కాగితాలవాళ్ళు" అని మన బస్సులో ఎవరో నవ్వారు. లేని ప్రాజెక్టులు రెజ్యూమేలో ఎక్కించుకుని, పక్కన ఫ్రెండుని కూర్చోబెట్టుకుని ఫోన్ ఇంటర్వ్యూ గట్టెక్కినవాళ్ళు మనలో లేరా? ఉన్నారు. వాళ్ళలో కొందరి పేర్లు మన సావనీర్‌లో ప్లాటినం స్పాన్సర్ల కింద అచ్చవుతాయి. నేను వాళ్ళనీ తప్పుపట్టను. తలుపు మూసేస్తే మనిషి కిటికీ వెతుక్కుంటాడు.

వాంగ్ కిమ్ ఆర్క్ పేరు మనవాళ్ళకి 2025 జనవరి దాకా తెలీదు. జనవరి 20న ట్రంప్ ఆర్డర్ వచ్చిందో లేదో, హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం ఉండదని మన వాట్సాప్ గ్రూపులు రాత్రంతా నిద్రపోలేదు. గడువు తేదీలోపు సిజేరియన్ చేయించుకోవచ్చా అని డాక్టర్లని అడిగినవాళ్ళున్నారని పత్రికల్లో వచ్చింది. ఆ ఆర్డర్‌ని నిలిపెయ్యమని కోర్టుకెళ్ళిన లాయర్లందరూ పట్టుకున్నది 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పునే. ఆయన వంటవాడు. పుట్టింది శాక్రమెంటో స్ట్రీట్‌లో, మనం 'మురికివాడ' అన్న ఆ పేటలోనే. 1895లో చైనా వెళ్ళి తిరిగొస్తుంటే దిగనివ్వలేదు. నెలల తరబడి ఓడ నుంచి ఓడకి మారుస్తూ రేవులోనే ఉంచారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడే అని ఆరుగురు జడ్జీలు, కాదని ఇద్దరు.

ఒక వంటవాడికి లాయర్ ఫీజు ఎక్కడిది? సంఘం పెట్టింది. చైనాలోని సొంత జిల్లాలవారీగా ఇక్కడ కట్టుకున్న సంఘాలన్నీ కలిసి సిక్స్ కంపెనీస్ అయ్యాయి. మన గుంటూరు ఎన్నారైలు, గోదావరి ఎన్నారైల లాంటివే. (మన సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగై ఎందుకు చీలాయో మీకూ తెలుసు, రాస్తే సంపాదకులు కొట్టేస్తారు.) వాళ్ళ భవనం ఇప్పటికీ స్టాక్టన్ స్ట్రీట్‌లోనే ఉంది, ఆ చేపల కొట్ల వరసలోనే. ఊళ్ళో ఆసుపత్రులు చైనావాళ్ళని గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ళ సంఘాలన్నీ చందాలేసుకుని 1925లో జాక్సన్ స్ట్రీట్‌లో చైనీస్ హాస్పిటల్ కట్టాయి. బ్రూస్ లీ పుట్టింది అందులోనే. చనిపోయినవాళ్ళ ఎముకలు తవ్వి తీసి, కడిగి, పెట్టెల్లో పెట్టి సొంతూళ్ళకి పంపింది కూడా సంఘాలే.

ఈ చివరిదానిలో మనం తీసిపోలేదు. హైవే మీద ఒక కుర్రాడు పోతే శవం ఊరు చేరేదాకా మనవాళ్ళు నిద్రపోరు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాలో ఆపదకి ఆదుకునే టీమ్ స్క్వేర్ వాళ్ళు చేసే పని చూసినవాళ్ళెవరూ కాదనరు.

అలాగని సిక్స్ కంపెనీస్‌ని దేవుళ్ళని చెయ్యను. పెత్తనమంతా వర్తకులది. బాకీలు తీర్చినట్టు సంఘం చీటీ ఇస్తేగానీ కూలీవాడికి తిరుగు ఓడ టికెట్టు దొరికేది కాదు. 1892లో చైనావాళ్ళంతా రిజిస్టర్ చేయించుకుని కాగితాలు దగ్గర పెట్టుకోవాలని చట్టం వస్తే, "ఎవరూ చేయించుకోకండి, తలకో డాలరివ్వండి, కోర్టులో కొట్టేయిద్దాం" అన్నారు. మరుసటేడు సుప్రీం కోర్టులో ఓడిపోయారు. మాట విన్నవాళ్ళు నడివీధిలో నిలబడ్డారు. ఐనా ఆ డాలర్లు దాచుకున్న అలవాటు పోలేదు, ఐదేళ్ళకి వాంగ్ కిమ్ ఆర్క్ గెలిచాడు. అదే సుప్రీం కోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. చైనావాళ్ళకి 1943లో ఏడాదికి 105 మందికని తలుపు తీస్తే, మనకి 1946లో 100 మందికి తీశారు. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం తరవాతే మన పాతతరం డాక్టర్లూ ఇంజినీర్లూ వచ్చారు.

సంక్రాంతి వద్దని నేనట్లేదు. పిల్లలు గొబ్బిళ్ళ పాటలు ఎక్కడ నేర్చుకుంటారు? భోగిపళ్ళు పోసే పెద్దవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? కానీ శాలువాలు, మెమెంటోలు, స్టేజీ మీద ముప్పావుగంట సాగే స్పాన్సర్ల సన్మానం, వాటికి పెట్టిన ఖర్చు కూడా సంస్కృతేనా? ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా స్టేటస్ పోయి గది తలుపేసుకుని కూర్చున్న కుర్రాడు సంఘానికి ఫోన్ చేస్తే ఇవ్వడానికి మన దగ్గర ఒక లాయర్ నంబరు లేదు. నాకు తెలిసిన ఒకబ్బాయికి మావాళ్ళిచ్చిన సలహా, గోఫండ్‌మీ సైట్లో చందాల పేజీ పెట్టుకోమని.

అందుకని వచ్చే జనరల్ బాడీలో నేనో తీర్మానం పెడుతున్నాను. వచ్చే సంక్రాంతికి బయటి యాంకర్‌ని పిలవొద్దు. మన పిల్లల్లోనే తెలుగు బాగా వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళకి మైకివ్వండి. మిగిలిన డబ్బుతో ఇమ్మిగ్రేషన్ లాయర్ ఫండ్ మొదలుపెడదాం, దాన్ని వేరే ఖాతాలో, వేరే కమిటీ చేతిలో ఉంచుదాం. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక హాలు అద్దెకి తీసుకుని అమ్మానాన్నలకి తెరిచి పెడదాం, పేకముక్కలూ క్యారంబోర్డూ నేను తెస్తాను. చైనాటౌన్ టూర్ మళ్ళీ పెడదాం. ఈసారి ఆ పేటలో పుట్టి పెరిగిన గైడ్‌కి డబ్బిచ్చి, ఏంజెల్ ఐలండ్ ఫెర్రీ కూడా కలిపి, మనబడిలో తెలుగు నేర్చుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని. వరంగల్ పెద్దాయన అప్పుడే సీటు చెప్పేశారు. తీర్మానాన్ని బలపరచడానికి ఇంకొకరు కావాలి. చప్పట్లు కొట్టినవాళ్ళలోంచి వస్తే మరీ మంచిది.