పారిస్‌లో ఒక్క కుర్చీకి గంటన్నర ఇవ్వండి

పారిస్‌కి రెండు రోజులు. అందులోనే ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నదిలో పడవ, షాపింగ్. మనవాళ్ల ట్రావెల్ గ్రూపుల్లో తిరిగే ప్లాన్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. కేఫ్ ఊసే ఉండదు. ఉన్నా ‘కాఫీ బ్రేక్, 15 నిమిషాలు’ అని ఉంటుంది. అది చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఊరి మనుషులు కనపడేది ఫుట్‌పాత్ మీద వేసిన ఆ కుర్చీల్లోంచే. మ్యూజియంలో ఒక గంట తగ్గినా పర్లేదు, కేఫ్ ముందు గంటన్నర కూర్చోండి.

అక్కడ ‘తెరాస్’ అంటే మన డాబా కాదు. కేఫ్ ముందు ఫుట్‌పాత్ మీద కుర్చీలు వేసుకునే జాగా. 1850లు, 60ల్లో ఓస్మాన్ అనే ప్రభుత్వ అధికారి ఆధ్వర్యంలో పాత సందుల్ని కొట్టేసి పెద్ద రోడ్లు వేసినప్పుడు ఫుట్‌పాత్‌లు కూడా వెడల్పయ్యాయి. కేఫ్‌లు బయటికి పరుచుకోవడానికి చోటు దొరికింది అలాగే. ఆ కుర్చీలు ఎలా వేస్తారో గమనించండి. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన, రెండూ వీధి వైపు తిరిగి ఉంటాయి. కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కాదు, ఇద్దరూ కలిసి వీధిని చూడటానికి. మన ఇళ్ల ముందు అరుగులు ఉన్న రోజుల్లో సాయంత్రం కూర్చున్నది కూడా ఇలాగే కదా.

ఆ కుర్చీల గురించి ఒక ముక్క చెప్పాలి. చట్రం పేము. దాని మీద రంగురంగుల అల్లిక చాలా వాటికి రిల్సాన్ అనే దారంతో ఉంటుంది. రిల్సాన్ తయారయ్యేది ఆముదం నుంచి. ప్రపంచంలో ఆముదం అన్నిటికన్నా ఎక్కువ పండేది మన దేశంలోనే, అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం వేసిన కుటుంబాల వాళ్లు అక్కడ కూర్చుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

సరే, ఎక్కడ కూర్చోవాలి? ఈఫిల్ టవర్ కనపడే కేఫ్ వద్దు. అక్కడ నడిచేది మీలాంటి టూరిస్టులే. ఆ ఊరివాళ్లు రోజువారీ పనులకు తిరిగే చోటు వెతకండి: కూరగాయల దుకాణాలున్న వీధి, మెట్రో మెట్లు పైకొచ్చే మూల, బడి దగ్గర. ర్యూ ముఫ్తార్ అనే వీధి పై చివర కోంత్రెస్కార్ప్ అనే చిన్న కూడలి, నడుమ ఫౌంటెన్. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది అదే. తూర్పు పడమరలుగా సాగే వీధిలో ఉత్తరం పక్కనున్న కేఫ్‌కు ఎండ తగులుతుంది. మనం నీడ వెతుక్కుంటాం, వాళ్లు ఎండ వెతుక్కుంటారు. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం ఐదుకే పొద్దుగూకుతుంది మరి. ఏప్రిల్‌లో కాస్త ఎండ రాగానే ఎండ పక్క కుర్చీలు నిండిపోవడం, నీడ పక్కవి ఖాళీగా ఉండిపోవడం అందుకే. 2022 నుంచి బయట హీటర్లు పెట్టకూడదని చట్టం, కాబట్టి చలికాలం అయితే మందపాటి కోటు ఉండాల్సిందే.

వేళ కూడా ముఖ్యం. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలా బల్లలు భోజనానికే. కత్తి, ఫోర్కు, పేపరు పరిచి ఉన్న బల్ల దగ్గర కాఫీ ఒక్కటే కావాలంటే లేవమంటారు. మనవాళ్లు దాన్ని అవమానం అనుకుంటారు. అది వివక్ష కాదు, ఆ బల్ల పని అది. పరచని బల్ల చూసుకోండి. అన్నిటికన్నా మంచి వేళ మూడున్నర నుంచి ఆరున్నర. నాలుగున్నరకు బళ్లు వదులుతారు. కాలితో నెట్టే చిన్న స్కూటర్ల మీద పిల్లలు, వాళ్ల బ్యాగులు మోస్తూ తాతలు, అమ్మమ్మలు. ఆరింటికి ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు చంకలో బగెత్ రొట్టె పెట్టుకుని దాని కొస తుంచి నములుతూ ఇంటికి పోతుంటారు.

కూర్చునే ముందు వెయిటర్ కళ్లలోకి చూసి ‘బోఁజూర్’ అనండి, మన నమస్కారం లాంటిది. ఆ మాట లేకుండా నేరుగా ‘వన్ కాఫీ’ అంటే అక్కడ మర్యాద తప్పినట్టే. చాలామంది చెప్పే ‘పారిస్ వెయిటర్ల పొగరు’లో సగం ఇక్కడే మొదలవుతుంది. ‘కఫే’ అంటే చిన్న కప్పులో నాలుగు గుక్కల చిక్కటి డికాక్షన్ వస్తుంది. పాలు కావాలంటే ‘కఫే క్రెమ్’, చుక్క పాలు చాలంటే ‘నువాజెత్’. కాఫీ వద్దంటే ‘సిత్రోఁ ప్రెస్సే’ అడగండి. నిమ్మరసం, నీళ్లు, చక్కెర విడివిడిగా తెచ్చి పెడతారు, కలుపుకోవడం మీ పని. మంచినీళ్లు సీసాలో కొనక్కర్లేదు. ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. శాకాహారులు ‘క్రోక్ మస్యూ’ అనే శాండ్‌విచ్ జోలికి పోవద్దు, అందులో పంది మాంసం ఉంటుంది.

ఒకే కాఫీకి రెండు ధరలు ఉండొచ్చు. లోపల కౌంటర్ దగ్గర నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ. ధరల పట్టికలో రెండూ రాసి ఉంటాయి. తేడా చూసి మోసం అనుకోవద్దు, ఆ ఎక్కువ డబ్బు కుర్చీకి అద్దె. అందుకే ఒక్క కప్పు మీద గంటన్నర కూర్చున్నా ఎవరూ లేవమనరు.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి మీద చూపు రెండు మూడు క్షణాలు నిలిపి జరిపేయాలి. చూపులు కలిస్తే చిన్నగా తలూపి వదిలేయాలి. ఫోన్ ఎత్తి మొహాలు తీయొద్దు, ముఖ్యంగా పిల్లలవి. ఇక మనవాళ్లలో నాకు సహించనిది స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్ చేయడం. బల్లల మధ్య జానెడు సందు కూడా ఉండదు, పక్కవాళ్ల గంట మొత్తం పాడవుతుంది. ఫోన్ బల్ల మీద పెట్టడం అసలే వద్దు. సంతకం పెట్టమని ఒక అట్ట తెచ్చి ఫోన్ మీద పరిచి, దాని కిందనుంచి ఫోన్ తీసుకుపోయే దొంగలున్నారు. బ్యాగు కుర్చీ వెనక తగిలించకండి, ఒడిలో పెట్టుకోండి.

సిగరెట్ పొగ పడనివాళ్లు ముందే గట్టిపడాలి. 2025లో పార్కుల్లో, బీచ్‌ల్లో, బస్‌స్టాపుల్లో పొగ నిషేధించినప్పుడు కూడా తెరాస్‌లను వదిలేశారు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి ఆ కొసన కూర్చుంటే కొంత నయం. బాత్రూమ్ చాలాచోట్ల కింద సెల్లార్‌లో, ఇరుకు మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే ముందే కనుక్కోండి.

కాలక్షేపానికి ఇంత చెప్పాలా అంటారేమో. 2015 నవంబరు 13 రాత్రి ఉగ్రవాదులు కాల్చింది ఇలాంటి తెరాస్‌ల మీద కూర్చున్నవాళ్లనూ. ఆ తర్వాత రోజుల్లో పారిస్ జనం మళ్లీ అవే కుర్చీల్లోకి వచ్చి కూర్చున్నారు. కోవిడ్‌తో నెలల తరబడి మూసేశాక 2021 మే 19న తెరాస్‌లు తెరిస్తే అలాగే నిండిపోయాయి. వాళ్లకు అది కాలక్షేపం కాదు.

లేవాలనుకున్నప్పుడు బిల్లు మీరే అడగాలి. అడగకుండా తెచ్చిపెడితే పొమ్మన్నట్టు అవుతుందని వాళ్లు ఆగుతారు. వెయిటర్ చూపు కలిసినప్పుడు గాలిలో రాస్తున్నట్టు చెయ్యి ఊపి ‘లాదిసియోఁ, సిల్ వు ప్లే’ అంటే చాలు, చిటికెలు వేయొద్దు. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు. నచ్చితే మిగిలిన చిల్లర ఆ చిన్న పళ్లెంలో వదిలేసి రండి.