ఇల్లు వదిలినా వదలని మీటరు

మొన్న రెండో శనివారం సాయంత్రం శ్రీకాకుళంలో ఒక మేడమెట్ల కింద, బోర్లించిన నీళ్ల బక్కెట్టు మీద నిలబడి, ఒక చేత్తో టార్చిలైటూ మరొక చేత్తో ఫోనూ పట్టుకుని, కరెంటు మీటరుకు ఫొటో తీయడానికి అవస్థ పడిన మనిషి లైన్‌మేన్ కాడు, నేను. ఈ ముక్క ఆ వీధివారికి చెప్పవలసిన సమయంలో చెప్పలేకపోయాను కనుక ఇక్కడ చెబుతున్నాను. వారు నా చేతిలో పెట్టిన యాభై రూపాయల నోటు చొక్కా జేబులో ఇంకా అలాగే ఉంది. దానిని ఇంటి పద్దులో ఏ ఖాతా కింద రాయాలో తోచడం లేదు.

బదిలీ మీద మూడు నెలల క్రితం శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చాం. అక్కడ మేము అద్దెకున్న కింది వాటాలో మాకు ముందు ఏదో సర్కారు ఆఫీసు ఉండేదట. ఆఫీసువారు బల్లలూ బీరువాలూ, చివరికి గోడకు కొట్టిన మేకులూ పట్టుకుపోయారు కానీ, తమ కోసం బిగించిన ప్రీపెయిడ్ మీటరును మాత్రం మాకు వదిలిపెట్టారు. ఫోన్‌లో వేసుకున్నట్లే దానిలోనూ ముందుగా డబ్బు వేసుకోవాలి. అది అయిపోగానే లోపలి స్విచ్చి తనంతట తానే విడిపోతుంది, మళ్లీ వేస్తే తనంతట తానే కలుస్తుంది. ఫ్యూజు పీకడానికి మనిషి రానక్కరలేదు. ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒకటో తారీఖు దాకా గడువు అడిగే సదుపాయమూ లేదు.

దానికి నా ఫోన్ నంబరును జతచేసింది నేనే. ఇల్లు ఖాళీ చేసేనాటికి అందులో నావి 340 రూపాయలు మిగిలితే, కొత్తగా దిగేవారు మొదటి రోజే చీకట్లో కూర్చోకూడదని ఉదారంగా వదిలేశాను. మా ఆవిడ దీనికి ఉదారత అనే మాట వాడలేదు.

ఆ తరువాత సందేశాలు మొదలయ్యాయి. ఉదయం 6 గంటల 10 నిమిషాలకు, అంటే నేను కళ్లు తెరవడానికి సరిగ్గా అరగంట ముందు, మీటరులో ఎంత మిగిలిందో చెబుతూ ఒక సందేశం వస్తుంది. మిగిలినది తక్కువైతే హెచ్చరిక, కొత్తవారు డబ్బు వేస్తే ధన్యవాదాలు, అన్నీ నాకే. శ్రీకాకుళం రోడ్డు అనే రైల్వే స్టేషను శ్రీకాకుళంలో కాక ఆమదాలవలసలో ఉన్నట్లు, నా ఫోన్‌లోని మీటరు నా ఇంట్లో కాక ఎవరింట్లోనో ఉంది. ముఖమైనా చూడని ఒక కుటుంబం గుట్టుమట్లు మాకు ఇలా తెలియడం మొదలైంది. ఒక ఆదివారం ఖర్చు రెట్టింపు కావడం చూసి, వారింటికి చుట్టాలు వచ్చారని మా ఆవిడ తేల్చింది. బుధవారానికి కూడా తగ్గకపోయేసరికి, ఆ వచ్చినవారు మగపెళ్లివారి తరఫు అయి ఉంటారని కూడా తేల్చింది.

ఈ పీడ వదిలించుకుందామని విజయనగరంలో కరెంటు ఆఫీసుకు వెళ్తే, అది శ్రీకాకుళం వారు చూడవలసిన పని అన్నారు. శ్రీకాకుళం ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక గుమాస్తాగారు దొరికారు. మనిషి మంచివాడే, గొంతులో ఎక్కడా విసుగు లేదు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంది కనుక నంబరు మార్చమని యజమానే అడగాలన్నారు. యజమాని విశాఖలో కొడుకు దగ్గర ఉంటారు, ఆయనకు ఫోన్‌లో వినిపించదు. ఒకవేళ ఆయన అడిగినా ఓటీపీ నా ఫోన్‌కే వస్తుందట. పోనీ, ఇల్లు ఖాళీ చేసినవారి పేరు తీసేయడానికి ఒక దారి ఉండాలి కదా అంటే, గుమాస్తాగారు చట్టం చెప్పారు. ప్రీపెయిడ్ మీటరు ఉన్నవారి దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదని 2003 నాటి విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే, అది వినియోగదారుడి మేలు కోసం పెట్టినదే. కానీ ఆయన తర్కం దాని మీదుగా ఇంకా ముందుకు నడిచింది. "డిపాజిట్ కట్టి ఉంటే వెనక్కి అడగడానికి ఫారం ఉండేదండి. ఫారం వస్తే ఫైలు తెరుస్తాం, ఫైలు ఉంటే మీరు ఖాళీ చేశారని అందులో రాస్తాం. మీరు డిపాజిట్టే కట్టలేదు కదండీ" అన్నారు. నేను కట్టకపోవడం వల్ల వారికి ఎంత ఇబ్బంది కలిగిందో అప్పుడు అర్థమైంది.

చివరికి, వారి కంప్యూటర్లో ఉన్న మీటరు నంబరుకూ నేను చెప్పిన దానికీ ఒక అంకె తేడా ఉందనీ, రేపు ఉదయం మనిషిని పంపించి చూపిస్తామనీ చెప్పారు. మూడు వారాల పాటు ప్రతిరోజూ ఆ రేపు ఉదయం మరుసటి రోజుకు జరుగుతూ వచ్చింది. నాలుగో వారం, "పోనీ, మీరే మీటరు ఫొటో తీసి పంపెయ్యండి, పని అయిపోతుంది" అన్నారు. అందుకని రెండో శనివారం సెలవు పాడుచేసుకుని, రెండు గంటలు బస్సులో కూర్చుని వెళ్లాను.

తప్పు నాదీ ఉంది. ఆ రోజు నేను వేసుకున్న ప్యాంటు ఖాకీ రంగుకు దగ్గరగా ఉంది. భుజాన సంచీ ఉంది, చేతిలో టార్చిలైటు ఉంది. గేటు తీసి, ఎవరినీ పిలవకుండా, పాత అలవాటు కొద్దీ నేరుగా మెట్ల కిందకు వెళ్లాను. ధనుర్మాసం కనుక అయిదున్నరకే మసక పడింది. పక్కనున్న బక్కెట్టు బోర్లించి ఎక్కి చూస్తే, మీటరు ముఖం మీద అచ్చు వేసిన నంబరులో చివరి మూడు అంకెల మీద సున్నం చుక్క పడి ఉంది. బొత్తాం నొక్కుతూ ఉంటే తెర మీద నంబరు వస్తుందని గుమాస్తాగారు ముందే చెప్పారు. నొక్కాను. తేదీ వచ్చింది. సమయం వచ్చింది. వోల్టేజి వచ్చింది. ఇప్పటిదాకా కాలిన యూనిట్లు వచ్చాయి. నంబరు ఒక్క క్షణం కనబడి, నేను ఫోన్ ఎత్తేలోగా మళ్లీ తేదీ వచ్చింది. ఇలా నాలుగు ప్రదక్షిణలు అయ్యాయి. మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. యూనిట్‌కు 3200 మినుకులని దాని పక్కనే రాసి ఉంది. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఒక్కొక్క మినుకు పైసాలో అయిదో వంతు కూడా చేయదని, బక్కెట్టు మీద నిలబడి లెక్క వేశాను. ఖాళీగా నిలబడిన మనిషికి ఏ లెక్కలైనా వస్తాయి.

అయిదోసారి బొత్తాం నొక్కేసరికి ఎర్రదీపం ఆగిపోయింది. దానితోపాటు లోపల తిరుగుతున్న గ్రైండరు ఆగిపోయింది, టీవీలో ఏడుస్తున్న ఆడమనిషి ఆగిపోయింది, ఇల్లంతా చీకటైపోయింది. మీటరు ముఖం ఒక్కటే వెలుగుతోంది, ఆ వెలుగులో నా ముఖం.

ముందు ఒక ఇల్లాలు పిండి చేతులతో బయటకు వచ్చింది. "లైన్‌మేన్ గారూ, ఎందుకండీ తీసేశారు? మావారు నిన్ననే డబ్బు వేశారు కదండీ!" అంది. ఆయన వేయలేదు. ఆ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు నిల్వ 11 రూపాయలని నా ఫోన్‌కు సందేశం వచ్చింది. ఒక ఇంటాయన తన భార్యతో ఆడిన అబద్ధానికి ఈ లోకంలో నేనొక్కడినే సాక్షిని. పైగా ఆ సాక్ష్యం నా దగ్గరకు ఎలా వచ్చిందో చెప్పాలంటే నేనెవరో చెప్పాలి. చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా ఎదురింటి మామ్మగారు చేతికర్రతో వచ్చారు, ఆవిడ వెనుక మరో ఇద్దరు వచ్చారు, వారి వెనుక పిల్లలు వచ్చారు. పదకొండు నెలలు ఆ వీధిలో కాపురం చేసినవాణ్ని ఒక్కరంటే ఒక్కరు గుర్తుపట్టలేదు. పొద్దున్నే వెళ్లి రాత్రి వచ్చేవాణ్ని, నిజమే. అయినా మనసు చివుక్కుమంది. మా ఆవిడ వెళ్లి ఉంటే పేరంటానికి పిలిచేవారు.

"ఏటి బాబూ, ఇన్నాళ్లకొచ్చినారు? ఈది లైటు ఎలగక దసరా కాడినుంచి సెప్తన్నాం" అన్నారు మామ్మగారు. నేను లైన్‌మేన్‌ను కాను అనవలసిన క్షణం సరిగ్గా అదే. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. "ఈ మీటరు సంగతి మాకెరికే. ముందున్నాయనే పాడుచేసి పోనాడు. పెద్ద పిసినారి, బాబూ. వినాయక సవితికి పిల్లలు సందా కెల్తే యాభై రూపాయలిచ్చి తలుపేసేసినాడు" అన్నారు.

ఇక ఇప్పుడు ఆ ముందున్నాయనను నేనే అని ఎలా చెప్పడం? నేను ఇచ్చింది 51 రూపాయలు. ఆ పైన ఒక్క రూపాయిని అయినా కాపాడుకుందామని నోటి చివరిదాకా వచ్చింది. కానీ బక్కెట్టు మీద నిలబడిన మనిషికి వాదనలో బలం ఉండదు. అందరూ నా వైపే చూస్తున్నారు, ఏదో ఒకటి అనాలి. "అలాంటివాళ్లు ఉంటారమ్మా" అన్నాను.

ఆ మాటతో నేను పూర్తిగా కరెంటు మనిషిని అయిపోయాను. ఇల్లాలు భర్తకు ఫోన్ చేసింది, ఆయన రైల్లో ఉన్నాడట, అందలేదు. ఊరి అంచున అరసవల్లిలో ఏడాదికి రెండు విడతలు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఏ రీఛార్జీ అక్కరలేకుండా ఉదయపు ఎండ గుళ్లోకి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడుతుంది. నా కాళ్ల దగ్గర మాత్రం చీకటి తప్ప ఏమీ లేదు, చుట్టూ ఉన్నవారు నన్ను కదలనిచ్చేలా లేరు. "ఉండండి, ఆఫీసుతో మాట్లాడతాను" అని, ఫోన్ చెవికి పెట్టుకున్నట్లు నటించి, గోడ వైపు తిరిగి, నా ఖాతాలోంచి ఆ మీటరుకు 500 రూపాయలు వేశాను. ఏ మీటరును వదిలించుకోవడానికి డెబ్బై కిలోమీటర్లు వచ్చానో, దానికే.

డబ్బు పోయింది, కరెంటు రాలేదు. డబ్బు ఒక్క క్షణంలో చేరుతుంది, స్విచ్చి కలవమనే కబురు మాత్రం దాని తీరిక కొద్దీ వస్తుంది. ఆ ఇరవై నిమిషాలు వీధివారు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ఒకరి ఇంటి మీద తీగ వేలాడుతోంది, ఒకరికి సాయంత్రమైతే వోల్టేజి పడిపోతోంది, ఒక కుర్రవాడికి మీ ఆఫీసులో ఉద్యోగాలు ఎప్పుడు వేస్తారో కావాలి. చేతిలో చిన్న పుస్తకం ఉండడం నా దురదృష్టం. అన్నీ రాసుకున్నాను. స్తంభం నంబర్లతో సహా రాసుకున్నాను. "రథసప్తమికైనా ఆ లైటు ఎలిగించు బాబూ, అరసవల్లి ఎల్లే జనం ఈ సీకట్లో గోతిలో పడతారు" అని మామ్మగారు చెబితే, దాని కింద గీత కూడా గీశాను.

టక్కుమని చప్పుడై ఇల్లు వెలిగింది. పిల్లలు కేక పెట్టారు. "మావారు వేశారని నేను చెప్పలేదూ!" అంది ఇల్లాలు, భర్త మీద నమ్మకంతో ఆమె ముఖం కూడా వెలిగింది. కాఫీ ఇచ్చింది. గేటు దగ్గర ఆపి, చేతిలో యాభై కాగితం పెట్టింది. వద్దన్నాను. "అందరూ తీసుకుంటారు కదండీ, తీసుకోండి" అంది. మామ్మగారి మనవడు నా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

బస్సు రణస్థలం దాటాక ఫోన్ తీసి చూస్తే ఫొటోలు మూడు ఉన్నాయి. ఒకదానిలో నా బొటనవేలు, ఒకదానిలో సున్నం చుక్క, మూడోదానిలో కర్ర ఎత్తి చూపిస్తున్న మామ్మగారు. సోమవారం వాటినే పంపించాను. గుమాస్తాగారు మూడూ ఓపికగా చూసి, వీటిలో నంబరు లేదండీ, రేపు ఉదయం మనిషిని పంపిస్తాం అన్నారు. మా ఆవిడ ఆ 340, ఈ 450 కలిపి, రానుపోను బస్సు చార్జీలు వేసి ఒక అంకె చెప్పింది. అది ఇక్కడ రాయను.

ఈ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు నిల్వ 392 అని సందేశం వచ్చింది. మళ్లీ కన్ను మూతపడుతుండగా ఫోన్ మోగింది, శ్రీకాకుళం నుంచి మామ్మగారు. రాత్రి కూడా వీధి లైటు వెలగలేదట. లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, ఏ విసుగూ లేకుండా చెప్పాను: "రేపు ఉదయం మనిషిని పంపిస్తామమ్మా."